వియ్యంకుల మధ్య మూడు వేళ్ల సందు

ఆగండి. ఇంకో అడుగు వెయ్యకండి, చేతిలో ఆ టార్చి కూడా ఆర్పేసి ఊరికే నిలబడి వినండి. ఏమీ వినపడటం లేదు కదా? ఇంకాస్త ఆగాలి. మొత్తం నలభై ఒక్క సెకన్లు ఆగాలి. ఆఁ, వచ్చింది.

టప్.

విన్నారు కదా, ఇప్పుడు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క చుక్క గురించే.

సున్నపుకోన జాతీయ ఉద్యానవనంలో చూడాలంటే చాలా ఉన్నాయి. వానకి కరిగి కరిగి దువ్వెన పళ్లలా నిలబడ్డ సున్నపురాతి గుట్టలున్నాయి, నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి నేలలోకి దూరిపోయి రెండు మైళ్ల అవతల ఏమీ ఎరగనట్టు బయటికొచ్చే వాగుంది, ఏడు గవులున్నాయి (ఆ పక్క గుహని గవి అంటారు). కానీ బస్సు దిగిన ప్రతివాళ్లూ టికెట్టు చేతికి రాగానే అడిగేది మాత్రం ఒకటే: వియ్యంకులు ఎక్కడున్నారు?

వియ్యంకులంటే మనుషులు కారు. చల్లగవి లోపలికి రెండొందల అడుగులు నడిస్తే, పైకప్పు నుంచి ఏనుగు తొండమంత రాయి ఒకటి ఆరడుగుల పొడవున వేలాడుతుంటుంది. సరిగ్గా దాని కిందే నేలలోంచి ఇంకో రాయి నాలుగడుగులు ఎదిగి ఉంటుంది. పైదాని కొస నుంచి చుక్క జారి కిందదాని నెత్తిన పడుతుంది, పడిన ప్రతిసారీ కంటికి ఆననంత సున్నం అక్కడ వదిలిపోతుంది. అలా లక్షల ఏళ్లుగా పైవాడు దిగుతూ, కిందవాడు ఎదుగుతూ, ఇప్పటికి ఇద్దరి మధ్యా మూడు వేళ్ల సందు మిగిలింది.

మద్దిలేటి అక్కడ గైడు. పందొమ్మిదేళ్ల నుంచీ కాంట్రాక్టు గైడు, అంటే ప్రతి మార్చి ముప్పై ఒకటిన ఉద్యోగం ఊడిపోయి ప్రతి ఏప్రిల్ ఒకటిన మళ్లీ వస్తుందన్నమాట. భార్య సుంకమ్మ గేటు దగ్గర ఉడకబెట్టిన చెనిక్కాయలు, అదే వేరుశెనగలు, అమ్ముతుంది. పందొమ్మిదేళ్లుగా మద్దిలేటి వియ్యంకుల ముందు నిలబడి ఒకే ముక్క చెబుతున్నాడు, పందొమ్మిదేళ్లుగా జనం నవ్వుతున్నారు.

"చూడండి సార్, పైనుంచి వంగి వంగి దిగేటోడు పిల్ల తండ్రి. కింద నిక్కి నిలబడినోడు పిల్లోని తండ్రి. మూడు లక్షల ఏండ్ల నుంచి కావిలించుకుందామని చూస్తాండారు, మర్యాదల కాడ తేడా వచ్చి ఇంకా కలవల్యా. పని ఇంకా పూర్తి కాలేదు సార్."

ఆ ఏడాది అక్టోబరులో కొత్త డైరెక్టరు వామనమూర్తి గారు తనిఖీకి వచ్చినప్పుడు కూడా ఇదే చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వామనమూర్తి గారు అంతకుముందు ఏదో శాఖలో పదకొండు వేల పెండింగు ఫైళ్లని రెండు నెలల్లో లేకుండా చేసి వచ్చిన మనిషి. ఎలా లేకుండా చేశారని అడిగిన వాళ్లు లేరు. పెండింగు అన్న మాట వింటే ఆయనకి ఒళ్లంతా దద్దుర్లొస్తాయని డ్రైవరు చెప్పేవాడు.

"ఏమన్నావు?" అన్నారాయన.

"వియ్యంకులు అన్నా సార్."

"అది కాదు, చివర."

"పని ఇంకా పూర్తి కాలేదు సార్."

"ఎన్నాళ్లుగా?"

"మూడు లక్షల ఏండ్లు సార్."

డైరెక్టరు గారు మెల్లిగా వెనక్కి తిరిగి, ఆఫీసు సూపరింటెండెంటు హుస్సేనప్ప వైపు చూశారు. "మూడు లక్షల సంవత్సరాలుగా పెండింగులో ఉన్న పని మన పరిధిలో ఉంటే, ఇంతవరకూ నా దృష్టికి ఎందుకు తీసుకురాలేదు?"

హుస్సేనప్పకి ముప్పై ఒక్కేళ్ల సర్వీసు. ఇలాంటి ప్రశ్నలకి ఆయన నోటి నుంచి జవాబు దానంతటదే వస్తుంది. "నోట్ చేసుకున్నాం సార్."

మర్నాడే మద్దిలేటి ఫైలు కిందికి వచ్చింది. పందొమ్మిదేళ్లు చేసినవాళ్లని పర్మినెంటు చెయ్యొచ్చని పైనుంచి వచ్చిన ఫైలది. దాని మీద ఆకుపచ్చ సిరాతో ఇలా రాసి ఉంది: "ఇతని ఆధీనంలోని పెండింగు పని పూర్తయిన పిమ్మట పరిశీలించవచ్చును. పూర్తికాని పక్షమున మార్చి ముప్పై ఒకటి తదుపరి ఇతని సేవలు అవసరం లేదు."

"అన్నా, ఆ రాళ్లను నేను కట్టిన్నా? నా ఆధీనమేంది?" అన్నాడు మద్దిలేటి.

"పందొమ్మిదేండ్లుగా పని పూర్తి కాలేదు, పూర్తి కాలేదు అని మైకు పట్టుకుని చెప్పిందెవురు? నువ్వే గదా. చెప్పినోడిదే పని," అన్నాడు హుస్సేనప్ప. "సరే గానీ, పోర్టల్లో ఎక్కియ్యాల. పని మొదలుపెట్టిన తేదీ చెప్పు."

"మూడు లక్షల ఏండ్ల కిందట."

"తేదీ, నెల, సంవత్సరం కావాల. నాలుగు గడులే ఉండాయి సంవత్సరానికి."

ఎన్ని రకాలుగా కొట్టినా పోర్టల్ 1950 జనవరి ఒకటికి వెనక తేదీ తీసుకోలేదు. అంచేత వియ్యంకులు 1950 జనవరి ఒకటిన మొదలయ్యారు. పైన ఆరడుగులు, కింద నాలుగడుగులు, మధ్యన మూడు వేళ్లు. పోర్టల్ క్షణంలో లెక్క తేల్చింది: పని తొంభై ఎనిమిది శాతం పూర్తి. డెబ్బై అయిదేళ్లలో తొంభై ఎనిమిది శాతం అయిన పనికి మిగిలిన రెండు శాతం ఏపాటి? ఇంకో ఏడాదిన్నర. కానీ ఈ నెల ప్రగతి సున్నా, పోయిన నెల ప్రగతి సున్నా. అందుకని వియ్యంకుల పేరు ఎర్రబడింది. జిల్లా మొత్తం మీద పోర్టల్లో ఎర్రగా ఉన్నది వియ్యంకులొక్కటే.

ఎర్రగా ఉన్న పనికి రోజూ పొద్దున పదింటికి ఫొటో పెట్టాలన్నది నియమం, ఫొటోలో ఆ చోటు ఎక్కడుందో కూడా పడాలన్నది ఇంకో నియమం. గవి లోపల సిగ్నల్ ఉండదు. సిగ్నల్ లేనిదే ఫొటో ఎక్కదు. రెండు రోజులు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాక మధ్యేమార్గం దొరికింది: మద్దిలేటి రోజూ లోపలికెళ్లి సందు చూసుకుని, వేళ్లు అలాగే పట్టుకుని బయటికి నడిచొచ్చి, ఎండలో నిలబడి ఫొటో దిగాలి.

అలా మొదలైంది. రోజూ పదింటికి గవి వాకిట్లో మద్దిలేటి బొటనవేలూ చూపుడువేలూ ఎడంగా పెట్టి, 'ఇంతే సార్, ఇంకింతే' అన్నట్టు ముఖం పెట్టి ఫొటో దిగేవాడు. టూరిస్టులు అదేదో ఇక్కడి ఆచారమనుకుని వాళ్లూ వేళ్లు అలాగే పెట్టి సెల్ఫీలు దిగేవాళ్లు.

పదిరోజులకి మెమో వచ్చింది. "పన్నెండవ తేదీన మీరు సమర్పించిన ఛాయాచిత్రములో సందు హెచ్చినట్లు గమనించడమైనది. ఇంతవరకు సాధించిన ప్రగతిని వెనుకకు నడిపించినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలోగా తెలుపవలెను."

"ఆ పొద్దు దోమ కుట్టింది, గోక్కున్న్యా. మళ్లా వేళ్లు అంతే పెట్టిన్యానో లేదో ఎవురికి తెల్సు," అని మద్దిలేటి గేటు దగ్గర కూలబడ్డాడు.

సుంకమ్మ గంపలో చెయ్యిపెట్టి ఒక చెనిక్కాయ తీసింది. మూడు గింజల కాయ. "ఇదో, ఇది ఆ సందుకు సరిపోతాదేమో చూడుపో. వేళ్ల మధ్య ఇది పెట్టుకో. కాయకు దోమ కుట్టదు."

కొలిచినట్టు సరిపోయింది. ఆ రోజు నుంచి మద్దిలేటి వేళ్ల మధ్య మూడు గింజల చెనిక్కాయ నిలబెట్టి ఫొటో దిగాడు, నెల రోజులు మెమో అన్నది లేకుండా ప్రశాంతంగా గడిచింది. ఆఫీసు రికార్డుల్లో దానికి "ప్రామాణిక కొలత సాధనం" అని పేరు కూడా పెట్టారు.

మరి దెబ్బ ఎప్పుడు తగిలిందంటే, ఒక ఆదివారం. మూడు బస్సుల జనం దిగి సుంకమ్మ గంప ఊడ్చేశారు. పదింటికి మద్దిలేటి ఆదరాబాదరాగా చెయ్యిపెడితే అడుగున మిగిలింది రెండు గింజల కాయొక్కటే. ఒక్క రోజుకి ఏమవుతుందిలే అని దాన్నే పట్టుకుని దిగాడు.

పోర్టల్లో వియ్యంకులు ఎరుపు నుంచి పసుపులోకి మారారు.

మధ్యాహ్నానికి డైరెక్టరు గారి జీపు వచ్చేసింది. మద్దిలేటి కొంప మునిగిందనుకుని చేతులు కట్టుకుని నిలబడితే, ఆయన వచ్చి అతని భుజం తట్టారు. "మూడు లక్షల సంవత్సరాల్లో జరగని ప్రగతి నా హయాంలో నలభై రోజుల్లో జరిగింది. సమీక్షించే నాథుడు లేకనే కానీ రాయిలో లోపం లేదని నేను మొదటే గ్రహించాను."

"సార్, అది చెనిక్కాయ చిన్నదైపోయి..."

"వినయం మంచిదే మద్దిలేటీ. కానీ సాధించినప్పుడు ఒప్పుకోవాలి."

ఇంత వేగంగా సాగుతున్న పనికి ప్రత్యేక సిబ్బంది లేకపోతే ఎలా? పదిహేను రోజుల్లో గవి ఎదురుగా "వియ్యంకుల అనుసంధాన విభాగం" అని బోర్డు లేచింది. పదకొండు పోస్టులు, రెండు జీపులు, ఒక ఏసీ గది. హుస్సేనప్ప దానికి మేనేజరయ్యాడు. డైరెక్టరు గారు దానికి చైర్మన్ కూడా అయ్యారు. రెండు గింజల కాయ లెక్కన చూస్తే జనవరి ఆఖరుకి సందు పూడిపోతుందని తేలింది కనక, జనవరి ఇరవై ఎనిమిదిన వియ్యంకుల కలయికని మంత్రిగారి చేతుల మీదుగా ప్రారంభించాలని నిర్ణయించి, రిబ్బను కూడా కొనేశారు.

మద్దిలేటి మాత్రం రోజూ లోపలికెళ్లి చూస్తూనే ఉన్నాడు. మూడు వేళ్లు. మర్నాడు మళ్లీ మూడు వేళ్లు.

జనవరి ఇరవైన ఈ సంగతి దాచడం కుదరక చెప్పేశాడు. డైరెక్టరు గారు ముక్కు మీద రుమాలు పెట్టుకుని స్వయంగా లోపలికొచ్చి చూశారు. తర్వాత, "కాంట్రాక్టర్ని పిలవండి," అన్నారు.

బాలచెన్నయ్య అని, ఆ చుట్టుపక్కల కల్వర్టులన్నీ ఆయన కట్టినవే. వచ్చి, మెడ వంచి, సందులో టార్చి వేసి చూసి నవ్వేశాడు. "దీనికా సార్ ఇంత మంది? ఒక తట్ట సిమెంటు. గంట పని. తెల్ల సిమెంటయితే కనపడను కూడా కనపడదు." అంటూ పైరాయి కొస మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ముట్టుకోవద్దు సామీ," మద్దిలేటి అడ్డం పడ్డాడు. "చేతి జిడ్డు తగిలితే అక్కడ మళ్లా సున్నం పేరుకోదు."

"ఇంకెందుకు పేరుకోవాల? నేనొస్తి గదా," అన్నాడు బాలచెన్నయ్య.

డైరెక్టరు గారు మద్దిలేటిని పక్కకి పిలిచి మెత్తగా చెప్పారు. "ఇరవై ఏడున పూత పూస్తారు. ఇరవై ఎనిమిదిన ప్రారంభం. ఇరవై తొమ్మిదిన నీ ఫైలు మీద సంతకం. అరవై రెండేళ్ల దాకా నిన్ను కదిపేవాడుండడు. ఏమంటావు?"

ఏమంటాడు.

ఆ సాయంత్రం గేటు దగ్గర గంప సర్దుకుంటున్న సుంకమ్మ పక్కన కూర్చున్నాడు. "పందొమ్మిదేండ్లు సుంకీ. రోజూ దాని టప్పు విన్యాకనే నా మాట మొదలుపెడతా. నేను చేరినప్పుడు ఎంత సందు ఉండెనో ఇప్పుడూ కంటికి అంతే. అయినా అది పని చేస్తానే ఉండాది. సెలవు పెట్టల్యా, ఎవురినీ ఏమీ అడగల్యా. దాని నోట్లో సిమెంటు కుక్కి నేను పర్మినెంటు కావాల్నా?"

"కాకుంటే ఏప్రిల్‌లో ఏం తిందాం? చెనిక్కాయలా?" అంది సుంకమ్మ. ఆమెకి మొగుణ్ని ఓదార్చే అలవాటు లేదు. గంప నెత్తికెత్తుకుంటూ మాత్రం ఒక మాట అంది. "అయినా ఆ పదకొండు మంది ఏంది, అంత తొందరపడతాండారు? పెండ్లి అయిపోతే పందిట్లో ఎవురన్నా ఉంటారా? పందిరే పీకేస్తారు గదా."

మద్దిలేటి లేచి నిలబడ్డాడు.

ఇరవై ఆరో తేదీన ఏసీ గదిలో చివరి సమీక్ష జరిగింది. విభాగం పదకొండు మందీ కొత్త కుర్చీల్లో ఉన్నారు. మద్దిలేటికి కుర్చీ లేదు, గోడ దగ్గర నిలబడ్డాడు. సిమెంటు ఎప్పుడు తడపాలి, మంత్రిగారు ఏ వైపు నుంచి వంగాలి అన్నీ అయ్యాక డైరెక్టరు గారు, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నారు, ఎవరికీ ఉండకూడదన్న గొంతుతో.

"నాదొకటి ఉండాది సార్," అన్నాడు మద్దిలేటి. "రేపు పని అయిపోతాది గదా. అయిపోయింది అని పోర్టల్లో ఎక్కిస్తాం గదా. ఎల్లుండి నుంచి ఈ విభాగం ఏం చేస్తాది సార్?"

అందరూ హుస్సేనప్ప వైపు తిరిగారు.

హుస్సేనప్ప కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నియమావళి ప్రకారం... పని పూర్తయిన తేదీ నుంచి ముప్పై రోజుల్లో విభాగం రద్దు సార్. జీపులు వెనక్కి ఇయ్యాల. చైర్మన్ పదవి కూడా..." ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరమూ లేదు.

డైరెక్టరు గారు లేచి కిటికీలోంచి చల్లగవి వైపు చూశారు. వెనక్కి తిరిగేసరికి ఆయన ముఖంలో ఎన్నడూ లేని ప్రకృతి ప్రేమ కనపడింది.

"ప్రకృతి ప్రసాదించిన ఇంత మహత్తర కార్యాన్ని తొందరపాటుతో పూర్తి చెయ్యడం భావితరాలకు ద్రోహం," అన్నారు.

పదకొండు మందీ ఒకేసారి తలలూపారు. బాలచెన్నయ్యని ఇంటికి పంపేశారు. ఇరవై ఎనిమిదిన మంత్రిగారొచ్చి, ప్రారంభోత్సవం బదులు కలయికకి శంకుస్థాపన చేసి, వేళ్లు ఎడంగా పెట్టి ఫొటో దిగి వెళ్లారు. మద్దిలేటి ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

తినకుండా ఉంటే బాగుండేది.

ఎందుకంటే విభాగంలో అందరికంటే చిన్నది, కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు కేశవేణి, ఎక్కడినుంచో ఒక శాస్త్రవేత్త నివేదిక పట్టుకొచ్చింది. ఎవరూ ముట్టుకోకపోయినా, చుక్క దాని మానాన అది పడుతూ ఉంటే, సందు అయిదు వేల ఏళ్లలో పూడిపోతుందట.

"అంటే అయిదు వేల ఏళ్ల తర్వాత ఈ విభాగంలో ఉండేవాళ్ల గతేంటి సార్?" అంది. గొంతులో నిజమైన దిగులుంది.

ఆ దిగులు గది అంతా పాకింది. యూనియన్ వాళ్లు తీర్మానం చేశారు. భవిష్యత్ ఉద్యోగుల పొట్ట కొట్టే హక్కు ఒక నీటిచుక్కకి ఎవరిచ్చారని ఒకాయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. మూడు సమావేశాల తర్వాత ఉత్తర్వు వెలువడింది, హుస్సేనప్ప దాన్ని పట్టుకుని గవి దగ్గరికి తానే నడుచుకుంటూ వచ్చాడు.

"మద్దిలేటీ, నీ పంట పండిందోయ్. పర్మినెంటు." కాగితం చేతిలో పెట్టాడు. "బిందు నిరోధక సహాయకుడు. పని ఏం లేదు. కిందరాయి నెత్తిన, ఆ సందులో పట్టే పొట్టి గ్లాసు పెట్టాల. చుక్క రాయి మీద పడకుండా గ్లాసులో పడాల. అంతే. నిండితే పారబోసి మళ్లా పెట్టాల. ఈ పొద్దు సాయంత్రం అయిదు లోపల చేరితే నీది, లేకుంటే మార్చి ముప్పై ఒకటి తెలుసు గదా."

"అన్నా, అంటే ఆ పొద్దు నేను కాపాడిన పని..."

"జరగకుండా చూసుకోవడమే ఇప్పుడు పని," అన్నాడు హుస్సేనప్ప. ఒక్క క్షణం ఆయన కూడా గవి వైపు చూసి, ఎందుకో గొంతు తగ్గించాడు. "నేనేం చేద్దును రా. నాకింకా రెండేండ్ల సర్వీసుండాది."

సుంకమ్మకి చెబితే, గంప దించి కొంగుతో ముఖం తుడుచుకుంది. "నన్నడగొద్దు. గింజలంటే నేను చెప్తా, ఇది నీది," అంది.

ఇప్పుడు నాలుగూ యాభై ఎనిమిది. చల్లగవి లోపల వియ్యంకుల ముందు మద్దిలేటి నిలబడి ఉన్నాడు. చేతిలో కొత్త పొట్టి స్టీలు గ్లాసు, దాని అడుగున ఆఫీసు నంబరు చెక్కి ఉంది. జేబులో ఉత్తర్వు. వెనక పదకొండు మందీ సెల్ ఫోన్ల లైట్లు వేసి పట్టుకున్నారు, మొదటి చుక్క గ్లాసులో పడగానే ఫొటో తియ్యాలి. డైరెక్టరు గారు వాచీ చూసుకుంటున్నారు. గ్లాసు అంచు కిందరాయి నెత్తికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది, అతని చెయ్యి అటూ కదలటం లేదు, ఇటూ కదలటం లేదు.

పైరాయి కొసన చుక్క ఊరుతోంది. ముప్పై ఎనిమిది సెకన్లయింది. గుండ్రంగా నిండింది, అందులో పదకొండు లైట్లూ తలకిందులుగా మెరుస్తున్నాయి. ముప్పై తొమ్మిది.

రాయి మీద పడితే టప్ అంటుంది, గ్లాసులో పడితే టింగ్ అంటుంది. ఇంకా రెండు సెకన్లుంది. ఆ గ్లాసు మీ చేతిలో ఉంటే, మీరేం చేస్తారు?